గోరుకు ఊరు కావాలి: డైనోసార్ గోళ్లు అమ్మే వేదికల నిర్వాహకులకు బహిరంగ లేఖ

శిలాజ ప్రదర్శనలు నిర్వహించేవారికి, శిలాజాలను వేలం వేసే సంస్థల బాధ్యులకు, సేకర్తల సంఘాల కార్యవర్గ సభ్యులకు

నమస్కారం.

మీ ప్రదర్శనల్లో బల్లల మీదికీ, మీ వేలం కేటలాగుల్లోకీ వచ్చే డైనోసార్ గోళ్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. అరచేతిలో ఇమిడే వస్తువు కావడం వల్లా, చూసీ చూడగానే దాని వెనకున్న జంతువు మొత్తం మనసులో మెదలడం వల్లా, సేకరణలోకి కొత్తగా అడుగుపెట్టినవారు చాలామంది మొదట ఆగేది గోళ్ల దగ్గరే. నేనూ అక్కడే ఆగాను. ఇరవై రెండేళ్లుగా గోళ్లు, కాలివేళ్ల ఎముకలు సేకరిస్తున్నాను. వృత్తిరీత్యా శాస్త్రవేత్తను కాను. నాది ఒకటే విన్నపం. ఏ గోరైనా మీ వేదిక మీద అమ్మకానికి నిలిచే ముందు అది ఎక్కడ, ఏ పొరలో దొరికిందో, దానిలో ఎంత అసలుదో ఎంత అతికిందో కాగితం మీద రాసి ఉండాలని, ఆ ఎముక చెప్పగలిగినదానికి మించిన పేరు దానికి తగిలించకూడదని మీరు నియమం పెట్టాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. మన బల్లల మీది గోళ్లలో చాలావాటికి పేరు గొప్పగానే ఉంది. ఊరు మాత్రం దిబ్బయినా కాదు, అసలు లేనే లేదు.

నా మొదటి గోరు సంగతి చెబితే ఈ విన్నపం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. దాన్ని ఒక ప్రదర్శనలో కొన్నాను. ఏ ప్రదర్శన, ఎవరి బల్ల అన్నది ఇక్కడ అనవసరం. నా చూపుడువేలంత పొడవు, ఇటుక పొడి రంగు, కొడవలి వంపు. దానితో ఇచ్చిన చీటీ మీద రెండే మాటలున్నాయి: 'రాప్టర్, మొరాకో'. రాప్టర్ అంటే కాలికి కొడవలి గోరున్న మాంసాహార డైనోసార్. పద్దెనిమిదేళ్లు దాన్ని గాజు మూత ఉన్న పెట్టెలో దూది మీద ఉంచి, వచ్చిన ప్రతివారికీ చూపించాను. ఒక రాత్రి, వేరే పని కోసం తెప్పించుకున్న అతినీలలోహిత దీపాన్ని సరదాకి దాని మీదికి తిప్పాను. మొదలూ మొనా మట్టిరంగులో మసకగానే ఉన్నాయి. నడుమ మాత్రం బొటనవేలి వెడల్పున ఒక పట్టీ సున్నం కొట్టిన గోడలా తెల్లగా వెలిగింది. దీపం ఆర్పి మామూలు వెలుతురులో చూస్తే ఏ తేడా లేదు. మళ్లీ వెలిగిస్తే మళ్లీ అదే పట్టీ.

మర్నాడు అసిటోన్‌లో తడిపిన దూదిని ఆ పట్టీ చుట్టూ చుట్టి, మూత ఉన్న గాజు సీసాలో పెట్టి వదిలేశాను. తెల్లారేసరికి నడుమ ఉన్న ఇసుక, జిగురు కలిసిన ముద్ద మెత్తబడి పలుకులుగా రాలిపోయి, రెండు ఎముక ముక్కలు మిగిలాయి. భూతద్దం కింద చూస్తే మొదలు ముక్క వెడల్పుగా, అడుగున చదునుగా ఉంది. మొన ముక్క రెండు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంది. డైనోసార్ గోటికి రెండు పక్కలా పొడవునా ఒక గాడి ఉంటుంది. మొదలు ముక్క మీద ఆ గాడి సగం ఎత్తులో ఆగిపోయింది. మొన ముక్క మీద అడుగంచుకు దగ్గరగా మొదలైంది. ఎటు తిప్పి పెట్టినా ఆ రెండు గాళ్లు ఒకదానికొకటి అందలేదు. విరిగిన అంచుల్లో కనిపించే జల్లెడ లాంటి ఎముక అల్లిక ఒకదానిలో పెద్ద గదులతో, రెండోదానిలో చిన్న గదులతో ఉంది. నేను పద్దెనిమిదేళ్లుగా ముచ్చటపడి చూపిస్తున్నది ఒక జంతువు గోరు కాదు. ఏదో పెద్ద మాంసాహారి కాలిగోటి మొదలుకు, ఇంకేదో జంతువు చేతిగోటి మొనను అతికిన అతుకుల బొంత. 'రాప్టర్' అన్న మాటకు ఆ రెండు ముక్కల్లో ఏదీ సాక్ష్యం పలకదు.

అమ్మినాయన నన్ను మోసం చేశాడని నేను అనను. ఆయనా ఎవరి దగ్గరో కొన్నాడు, వాళ్లూ ఇంకెవరి దగ్గరో కొన్నారు. మొరాకో ఆగ్నేయంలోని కెమ్ కెమ్ పొరల్లో పనిచేసేవారు కొండవాలులోకి మనిషి పాకేంత సన్నని సొరంగాలు చేతి పనిముట్లతో తవ్వుతారు. దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందటి నదుల ఇసుకలో కొట్టుకొచ్చిన ఎముకలు అక్కడ చాలావరకు విడివిడిగానే, విరిగే దొరుకుతాయి. విరిగిన గోటికి పలికే ధర కంటే నిండు గోటికి పలికే ధర చాలా ఎక్కువ. ఆ తేడాను పెట్టింది కొనే మనమే కాబట్టి, ఆ సొరంగంలో ప్రాణం ఒడ్డి పనిచేసినవాడు రెండు ముక్కలు కలిపి ఒకటి చేస్తే అతన్ని ముందుగా తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఆ పొరల నుంచి స్పైనోసారస్, కార్కరోడాంటోసారస్, డెల్టాడ్రోమియస్ వంటి మాంసాహారులు తెలుసు, అబెలిసార్లు అనే మరో మాంసాహారి వర్గపు ఎముకలు తెలుసు. కొడవలి గోళ్ల 'రాప్టర్'కు అక్కడ పేరు పెట్టదగిన అస్థిపంజరమే వర్ణనకు రాలేదు. అయినా ఆ ప్రాంతపు చిన్న గోళ్లు బల్లల మీద ఆ పేరుతోనే కూర్చుంటున్నాయి. తవ్వినవాడు పెట్టిన పేరు కాదది, దారిలో ఎవరో అమ్ముడుపోవడానికి పెట్టింది.

గోరు ఎవరిదో పోల్చుకోవడం ఎంత చిక్కు పనో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ నియమాలు రాసేవారికి అది తెలిస్తేనే నా విన్నపం అర్థమవుతుంది. శిలాజంగా మన చేతికి వచ్చేది గోరు కాదు. వేలి చివరి కణుపు, అంటే గోటి లోపలి ఎముక. బతికున్నప్పుడు దాని మీద కెరటిన్ తొడుగు ఉండేది. డేగ గోటికీ, మన గోళ్లకూ ఉన్న పదార్థమే అది. అది దాదాపు ఎప్పుడూ కుళ్లిపోతుంది. పక్షిని పోలిన ఆర్కియోప్టెరిక్స్ వంటి కొద్ది శిలాజాల్లో మాత్రమే దాని ముద్ర రాతి మీద మిగిలింది. కాబట్టి ఆ జంతువు వాడిన గోరు మన పెట్టెలో ఉన్నదానికంటే పొడవుగా, మొన దగ్గర మరింత పదునుగా, బహుశా ఎక్కువ వంపుతో ఉండేది. పక్కల ఉన్న గాడి ఆ తొడుగుకు సంబంధించిన ఆనవాలు.

ఇక మొదలు వైపు చూస్తే, ముందరి కణుపుతో కలిసే కీలు పల్లం ఉంటుంది, చాలా గోళ్లలో దాని నడుమ నిలువుగా ఒక సన్నని గట్టు ఉంటుంది. దాని కింద ఒక బుడిపె. గోటిని కిందికి లాగే కండరం తాలూకు స్నాయువు పట్టుకునే చోటు అది. ఈ బుడిపె ఎంత పెద్దదైతే ఆ గోరు అంత బలంగా గుచ్చి పట్టుకోవడానికి పనికొచ్చిందని స్థూలంగా చెప్పవచ్చు. మాంసాహారుల చేతిగోళ్లు సాధారణంగా పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా, ఎత్తుగా, బాగా వంగి, పెద్ద బుడిపెతో ఉంటాయి. అదే జంతువు కాలిగోళ్లు నేల మీద బరువు మోసినవి కాబట్టి వెడల్పుగా, తక్కువ వంపుతో, చదునైన అడుగుతో, అణిగిన బుడిపెతో ఉంటాయి. అడ్డంగా విరిగిన కాలిగోటి అంచు చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది. బాతుమూతి హాడ్రోసార్ల, కొమ్ముల సెరటాప్సియన్ల వేలి చివరి ఎముకలు గోళ్లు అనడానికే వీల్లేని గిట్టలు. పొడవు మెడ శాకాహారులైన సారోపాడ్‌ల ముందు పాదానికి బొటనవేలి మీద ఒక పెద్ద గోరు, వెనక పాదానికి లోపలి వేళ్ల మీద కొన్ని గోళ్లు. నిప్పుకోడిని పోలిన ఆర్నితోమైమిడ్‌ల చేతిగోళ్లు చాలామటుకు నిటారుగా ఉంటాయి. వీటికి తోడు అదే పొరల్లో మొసళ్లు, తాబేళ్లు ఉంటాయి, వాటికీ గోళ్లున్నాయి. ఎముకే కాకుండా గోటి ఆకారంలో గడ్డకట్టిన రాయి ముక్కలూ ఉంటాయి. రాయిలో ఎముక అల్లిక ఉండదు. ఎముకైతే నాలుకకు పట్టుకుంటుందనే పాత చిట్కా ఒకటుంది. ఆ చిట్కా పనిచేస్తుంది కానీ, ఇంకెవరైనా అంతకుముందు అదే పని చేశారేమో అడిగి మరీ చేయడం మంచిది.

ఇన్ని గుర్తులు ఉన్నా ఒక విడి గోటి నుంచి సాధారణంగా చెప్పగలిగేది 'థెరోపాడ్, బహుశా చేతిది' అన్నంత వరకే. థెరోపాడ్ అంటే రెండు కాళ్ల మీద నడిచే, ఎక్కువగా మాంసాహారులున్న డైనోసార్ల వర్గం. ఎందుకంటే ఒకే జంతువు చేతిలో మూడు గోళ్లుంటే మూడూ ఒకే ఆకారంలో ఉండవు. పిల్లదానికీ పెద్దదానికీ తేడా ఉంటుంది. ఏ బంధుత్వమూ లేని రెండు జంతువుల గోళ్లు ఒకే పని చేసినందువల్ల ఒకే వంపు తిరిగి ఉండవచ్చు. ఈ చివరి కారణమే నిపుణులను కూడా పదే పదే దారి తప్పించింది.

శాకాహార డైనోసార్ ఇగువనోడాన్ సంగతి అందరికీ తెలిసిందే అయినా ఇక్కడ చెప్పక తప్పదు. 19వ శతాబ్దపు మొదటి సగంలో గిడియన్ మాంటెల్ దాని మొనదేలిన ఎముక ఒకదాన్ని ముక్కు మీది కొమ్ముగా గీశాడు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో ఆ జాతి అస్థిపంజరాలు గుంపుగా బయటపడ్డాకే, లూయీ డోలో వాటిని అమర్చాకే, అది బొటనవేలి చివరి ఎముక అని స్థిరపడింది. 1948లో సోవియట్, మంగోలియా పరిశోధకులు గోబీ ఎడారిలో అర మీటరు పొడవున్న చదునైన పెద్ద గోళ్లు తవ్వి తీస్తే, 1954లో మలేయెవ్ వాటికి థెరిజినోసారస్ అని పేరు పెట్టి, తాబేలును పోలిన భారీ జీవి అనుకున్నాడు. అది డైనోసార్ అనీ, థెరోపాడ్ అనీ తేలడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. జాన్ ఆస్ట్రమ్ 1964లో మోంటానాలో కనుగొని 1969లో వర్ణించిన డైనోనైకస్ కాలిలో రెండో వేలికి కొడవలి గోరు ఉండటంతో, ఆ తర్వాత వంపు తిరిగిన పెద్ద గోరు ఎక్కడ దొరికినా కాలికే తగిలించి చూడాలన్న మోజు కలిగింది. 1998లో పటగోనియా నుంచి మెగారాప్టర్‌కు పేరు పెట్టినప్పుడు దాని 30 సెంటీమీటర్లు దాటిన గోటిని కాలిగోరనే అనుకున్నారు. 2004లో మరో నమూనా చేతితో సహా వర్ణనకు వచ్చాక అది కాలిది కాదు, చేతిదని తేలింది.

ఈ పొరపాట్లు ఏకరువు పెట్టడం ఆ పండితులను తక్కువ చేయడానికి కాదు. వాళ్ల చేతిలో అసలు ఎముక ఉంది, దొరికిన చోటు తెలుసు, తవ్వకం నమోదై ఉంది. తప్పు చేశారు, దిద్దుకున్నారు. దిద్దుకోగలిగింది కూడా ఆ నమోదు వల్లే: ఫలానా పొరలో ఫలానా గోరు దొరికిందని రాసి ఉంది కాబట్టే, అదే పొరలో తర్వాత దొరికిన నిండు చేతిని పక్కన పెట్టి చూడగలిగారు. ఊరు లేని గోటికి ఈ అవకాశం శాశ్వతంగా పోతుంది. దాని పేరు తప్పయితే ఆ తప్పు దిద్దడానికి ఎవరికీ దారి ఉండదు, పేరు ఒప్పయినా దాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

అతుకుల వల్ల నష్టం ఇంకోరకంగా కూడా ఉంది. 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో థెరిజినోసారస్ బంధువులైన థెరిజినోసార్ల, అల్వరెజ్‌సార్లనే మరో థెరోపాడ్ వర్గపు గోళ్లను కంప్యూటర్ నమూనాలుగా మలిచి, తవ్వడం, గుచ్చడం, లాగడం వంటి పనుల్లో వాటి మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కకట్టారు. అల్వరెజ్‌సార్ల గోళ్లు తవ్వడానికి చక్కగా పనికొచ్చేవనీ, థెరిజినోసారస్ అంత పొడవైన గోళ్లు అలాంటి బరువు పనులకు తట్టుకునేవి కావనీ, బహుశా తోటి జంతువుల ముందు ప్రదర్శించుకోవడానికి పెరిగినవనీ తేల్చారు. ఇలాంటి లెక్కలన్నీ గోటి వంపు, మందం, మొన పొడవు మీదే ఆధారపడతాయి. మన పెట్టెల్లో ఉన్న గోటి వంపును ఎవరో చాకుతో ముద్దను చెక్కి తీర్చిదిద్దారేమో మనకే తెలియనప్పుడు, అది ఏ లెక్కకు పనికొస్తుంది?

అభిరుచితో తిరిగే సేకర్తలు శాస్త్రానికి అడ్డమని వాదించేవారితో నేను ఏకీభవించను. 1983 జనవరిలో విలియం వాకర్ అనే ప్లంబర్, ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతపు ఒక బంకమట్టి గనిలో శిలాజాల కోసం వెతుకుతూ ఒక రాతిగడ్డను సుత్తితో కొట్టాడు. లోపల పెద్ద గోటి ముక్కలున్నాయి. ఇంటికి తెచ్చి కలిపి చూస్తే మొన లేదు. ఆయన జిగురు ముద్దతో మొన చేసుకోలేదు. కొన్ని వారాల తర్వాత అదే గనికి వెళ్లి, వెతికి ఆ మొనను పట్టుకున్నాడు. పక్కనే ఒక వేలి కణుపు, పక్కటెముక ముక్క కూడా దొరికాయి. గోరు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చేరింది. దొరికిన చోటు కచ్చితంగా తెలుసు కాబట్టి మ్యూజియం వారు వెళ్లి తవ్వారు, అస్థిపంజరంలో సగానికి మించి బయటికొచ్చింది. 1986లో చారిగ్, మిల్నర్ దానికి బారియోనిక్స్ వాకరీ అని పేరు పెట్టారు. మొదటి మాటకు బరువైన గోరు అని అర్థం, రెండోది ఆ ప్లంబర్ పేరు. వంపు వెంట కొలిస్తే ఆ గోరు దాదాపు 31 సెంటీమీటర్లుంటుంది. పక్కటెముకల మధ్య చేపల పొలుసులు దొరకడంతో ఆ జంతువు చేపలు తిన్నదని కూడా తెలిసింది. వాకర్ ఆ గోటిని గనిపేరు లేకుండా అమ్మేసి ఉంటే, ఈ రోజు అది ఎవరి గూట్లోనో ఇంకో మాంసాహారి పేరుతో, 'మెగలోసారస్ గోరు' అనే చీటీతో ఉండేది, మిగతా అస్థిపంజరం ఇటుకల్లో కలిసిపోయేది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ మంగోలియాది. 1965లో పోలండ్, మంగోలియా పరిశోధకులకు గోబీలో 2.4 మీటర్ల పొడవున్న రెండు చేతులు, వాటి గోళ్లు దొరికాయి; మిగతా శరీరం లేదు. 1970లో డైనోకైరస్ అని పేరు పెట్టిన ఆ జంతువు ఎలా ఉండేదన్నది నాలుగు దశాబ్దాలకు పైగా ఊహకే మిగిలింది. చివరికి 2009లో బుగీన్ త్సవ్ అనే చోట కొరియా, మంగోలియా బృందానికి మరో అస్థిపంజరం దొరికింది. అయితే దొంగలు ముందే తవ్వుకుపోయారు. పుర్రె లేదు, పాదాలు లేవు. ఆ భాగాలు చేతులు మారి యూరప్‌లో ఒక ప్రైవేటు సేకరణలో తేలాయి. అవి ఆ జంతువువేనని ఎలా తెలిసింది? దొంగలు గోతిలో వదిలేసిన ఒక్క కాలివేలి ఎముక, ఆ సేకరణలోని పాదంలో ఖాళీగా ఉన్న చోట సరిగ్గా అమరింది. 2014లో ఆ భాగాలు మంగోలియాకు తిరిగి వెళ్లాయి, అదే ఏడాది జంతువు పూర్తి వర్ణన వెలువడింది. ఆ ఒక్క ఎముకను కూడా ఎవరైనా 'గోబీ డైనోసార్ వేలు' అని అమ్మేసి ఉంటే ఆ జత కలిసేదే కాదు. మీ బల్లల మీద ఇలాంటి వేళ్లు, గోళ్లు ఎన్ని ఉన్నాయో, వాటి కోసం ఏ గోతులు ఖాళీగా ఎదురుచూస్తున్నాయో ఆలోచించమని కోరుతున్నాను.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలియాలి, కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. మంగోలియాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. బ్రెజిల్‌లో 1942 నుంచీ అంతే. కెనడాలోని ఆల్బర్టాలో 1978 నుంచి దొరికినవి ఆ రాష్ట్రానివి. అమెరికాలో సొంత భూమిలో దొరికినవి భూమి యజమానివే అయినా, ఫెడరల్ భూముల్లో వెన్నెముక జీవుల శిలాజాలను అనుమతి లేకుండా తీయడం, అమ్మడం నేరమని 2009 నాటి చట్టం చెబుతోంది. అంటే ఊరు రాయని చీటీ శాస్త్రానికి పనికిరాకపోవడమే కాదు, ఆ గోరు దొంగసొత్తో కాదో చెప్పే ఆధారాన్ని కూడా మింగేస్తుంది. 2012లో న్యూయార్క్‌లో 10 లక్షల డాలర్లకు పైగా వేలం పలికిన టార్బోసారస్ అస్థిపంజరం దిగుమతి పత్రాల్లో అది బ్రిటన్ నుంచి వచ్చినట్టు రాసి ఉంది. టార్బోసారస్ గోబీ ప్రాంతపు మాంసాహారి, బ్రిటన్‌లో పుట్టే జంతువు కాదు. అమెరికా ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని 2013లో మంగోలియాకు అప్పగించింది. నిండు అస్థిపంజరం కాబట్టి ఎముకలే అసలు ఊరు చెప్పేశాయి; అదే జంతువు విడి గోరైతే అబద్ధపు చీటీతో నిశ్చింతగా సంచిలో దేశాలు దాటేది.

మీరు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెమ్మని నేను అడగడం లేదు. అమ్మకందారు బల్ల తీసుకునేటప్పుడు ప్రతి గోటికీ అర పేజీ కాగితం నింపి ఇవ్వాలని చెప్పండి. దేశం పేరు ఒక్కటే చాలదు. ఏ ప్రాంతం, ఏ రాతి పొర, ఎప్పుడు, ఎవరు తీశారు, ఏ అనుమతితో తీశారు, తర్వాత ఎవరెవరి చేతులు మారింది అన్నవి తెలిసినంత వరకు రాయాలి. తెలియకపోతే తెలియదనే రాయాలి. ఆ గడిని ఖాళీగా వదలడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే ఖాళీ గడిని తర్వాత ఎవరైనా నింపేస్తారు. ఎగుమతి నిషేధమున్న దేశపు గోటికి పత్రం లేకపోతే దాన్ని బల్ల మీద పెట్టనివ్వకండి. ద్వారం దగ్గర ఒక అతినీలలోహిత దీపం ఉంచి, కొనేవారు ఎవరైనా గోటిని దాని కింద పెట్టి చూసుకునే వీలు కల్పించండి. ఆ దీపం అన్ని అతుకులనూ పట్టదు. రంగు దట్టంగా పూస్తే దాని కళ్లు కప్పవచ్చు. అయినా దీపం ఉందని తెలిస్తేనే సగం బొంతలు ప్రదర్శనకు రావని నా నమ్మకం.

అతకడమే తప్పని కూడా నేను అనడం లేదు. మూడు ముక్కలుగా దొరికిన గోటిని ఆ మూడు ముక్కలతోనే కలపడం సేకర్త ధర్మం. కలిపే ముందు ముక్కలను కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయాలి. అసిటోన్‌తో మళ్లీ విప్పుకోగలిగే పారలాయిడ్ బి-72 వంటి జిగురు వాడాలి. లేని భాగం నింపితే ఎముక రంగు వేయకుండా తేడా కనిపించే రంగులో వదిలేయాలి. మొత్తం నకలే అయితే నిక్షేపంగా అమ్మవచ్చు, అడుగున చెరగని సిరాతో 'అచ్చు' అని రాసి ఉండాలి. నా దగ్గర అలాంటి అచ్చులు నాలుగున్నాయి, వాటిని చూసి నేర్చుకున్నంత నా అసలు గోళ్లను చూసి నేర్చుకోలేదు.

పేరు విషయంలో మీ నుంచి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. 'థెరోపాడ్ గోరు, చేతిదో కాలిదో తేలలేదు' అని రాస్తే ఎవరు కొంటారని అడుగుతారు. మొదట్లో కొందరు కొనరు. కానీ నిజంగా ఆసక్తి ఉన్నవాడికి ఆ చీటీ ఒక ప్రశ్నను ఇస్తుంది, 'రాప్టర్' అన్న చీటీ ఆ ప్రశ్న పుట్టకుండానే నోరు మూయిస్తుంది. పేరు ఎలా చెప్పారో బట్టి మూడు రకాలుగా విడదీసి రాయించండి: చూసి చెప్పింది, పోల్చి చెప్పింది, నిపుణుడు చూసి చెప్పింది. నిపుణుడైతే ఏ గుర్తును బట్టి చెప్పాడో ఒక వాక్యం ఉండాలి. వేలం కేటలాగుల్లో 'ఆపాదితం' (ఫలానావారిదని అనుకుంటున్నాం, రుజువు లేదు) అన్న మాటను చిత్రాలకు వాడినంత జాగ్రత్తగా గోళ్లకు వాడలేరా?

సేకర్తల సంఘాలకు ప్రత్యేకంగా ఒక మాట. వెన్నెముక జీవుల శిలాజాల శాస్త్రవేత్తల సంఘమైన సొసైటీ ఆఫ్ వెర్టెబ్రేట్ పేలియంటాలజీ, ప్రైవేటు చేతుల్లో ఉన్న నమూనాల మీద పరిశోధన ప్రచురించడాన్ని సమ్మతించదు. రేపు మరొకరు మళ్లీ చూడాలంటే నమూనా నిలకడగా ఒక ప్రజా సంస్థలో ఉండాలన్నది వారి వాదన, అది సబబే. మనలో చాలామంది దాన్ని అవమానంగా తీసుకుని మొహం తిప్పుకున్నారు. దానికి బదులు, ఊరు తెలిసిన మంచి గోరు సభ్యుడికి దొరికినప్పుడు దాన్ని ఏ మ్యూజియానికి, ఏ పత్రాలతో ఇవ్వాలో చెప్పి దగ్గరుండి చేయించే వ్యవస్థ మన సంఘాల్లో ఉంటే బాగుండేది. సభ్యుడు పోయాక వారసులు పెట్టెలు తెరిచి చీటీలు పారేసి గోళ్లు అమ్ముకోవడం నేను రెండుసార్లు కళ్లారా చూశాను. చీటీని పెట్టెలో కాకుండా గోటికే అంటిపెట్టుకుని ఉండే సంఖ్యగా, అడుగున చిన్న అక్షరాల్లో, కింద పారలాయిడ్ పూత వేసి రాయడం సభ్యులందరికీ అలవాటు చేయండి. ఇది ఒక సాయంత్రంలో నేర్పే పని.

నా మొదటి గోరు ఇప్పుడు మూడు అరలున్న పళ్లెంలో ఉంది. ఒక అరలో 'పెద్ద థెరోపాడ్ కాలిగోటి మొదలు', రెండో అరలో 'థెరోపాడ్ చేతిగోటి మొన, వేరే జంతువుది', మూడో అరలో చిన్న గాజు గొట్టంలో రాలిన ఇసుక ముద్ద. మొదటి రెండింటి మీదా 'మొరాకో అని అమ్మినవారు చెప్పారు, ఆధారం లేదు' అని రాశాను. పాత చీటీని కూడా పారేయలేదు, పక్కనే ఉంది. మీలో ఎవరైనా రాబోయే ప్రదర్శనలో ద్వారం దగ్గర మూరెడు బల్ల, ఒక ప్లగ్గు ఇస్తే ఆ పళ్లెం తెచ్చి రోజంతా కూర్చుంటాను. అమ్మకానికి కాదు. దీపం నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
గోళ్లు సేకరించే ఒక అభిరుచిపరుడు